పలకని పట్టీలు

“ఇందులో కేసేం లేదు ఆపా. పెద్దాయన ఉపవాసంలో ఉన్నాడు. కళ్లు తిరిగాయి. నూనె తొట్టి వేడెక్కిపోతుంటే చూసుకోలేదు, అంటుకుంది. అంతే.”

మేజర్ ఎల్మురాద్ సత్తారోవ్ కాలిపోయిన గుమ్మానికి అడ్డంగా నిలబడి ఈ మాట అన్నాడు. తలుపు ఎప్పుడో బొగ్గై రాలిపోయింది. ఇప్పుడు తలుపు పని అతనే చేస్తున్నాడు.

హుర్షీదా నజరోవా అతని భుజం పక్కనుంచి లోపలికి చూసింది. నిప్పులో పోయినవాళ్ల చావులు విచారించడం ఆమె ఉద్యోగం. ఎక్కడ పొగలేచినా తాష్కెంత్ నుంచి ఆమెనే పంపుతారు. ఆ ఉద్యోగంలో తల నెరిసిపోయింది.

“కేసు లేకపోతే అంతకన్నా కావలసిందేముంది తమ్ముడూ? చూసి వెళ్లిపోతాను. కాస్త దారివ్వండి.”

“పొద్దున్నే ఆయనకి మట్టిచ్చాం. ఊరు ఊరంతా ఏడుస్తోంది. మీరొచ్చి బూడిద కెలుకుతానంటున్నారు.”

“బూడిదేగా. మనుషుల్ని కెలకడం ఇంకా మొదలెట్టలేదు.”

మేజర్ మీసం కొరుక్కుంటూ పక్కకు జరిగాడు.

రెండు గదుల ల్యాబ్ అది. బయటి గదిలో గుమ్మం పక్కనే ఇనుప అలమర, ఆ తర్వాత కొలిమి, ఒత్తుడు యంత్రం. లోపలి గదిలో నూనె తొట్టి, బల్ల, ఓ మూల సన్నటి మంచం. ఆ మంచానికీ కిటికీకీ మధ్య నిన్న మధ్యాహ్నం ఇస్మతుల్లా దొమ్లా శవం దొరికింది. దొమ్లా అంటే ఇక్కడ గురువుగారు. ఊళ్లో సగం మందికి ఆయన పాఠం చెప్పాడు, మిగతా సగానికి వాళ్ల పిల్లల ద్వారా చెప్పాడు.

కిటికీకి ఊచలున్నాయి. మసి పట్టిన ఊచల మీద ఒకచోట మాత్రం ఇనుము తేటగా కనిపిస్తోంది. ఎవరో గట్టిగా పట్టుకుని, పట్టు జారేదాకా పట్టుకునే ఉన్నారు. హుర్షీదా అక్కడ కాసేపు ఆగింది. ఏమీ రాసుకోలేదు.

“తొట్టి తిరగబడి ఉంది,” అంది.

“ఫైరింజను నీళ్లకి. నూనె రెండు గదుల్లోనూ పారింది, దాని మీద మంట పాకింది. పైకప్పు కూడా దిగింది. ఎక్కడ మొదలైందో ఈ గోడల్ని అడిగితే చెబుతాయా?”

“గోడలు చెప్పవు. ఇక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

ఉంది. వసారాలో నల్ల రుమాలు కట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు గావ్హర్. దొమ్లా దగ్గర చదువుకుని, ఆయన దగ్గరే పనిలో చేరి, ఆయన పక్క బల్ల మీదే ఇన్నేళ్లూ పని చేసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు మూతపడుతున్నాయి.

హుర్షీదా ఆమెను లోపలికి పిలిచి, బల్ల కింద పళ్లెంలోంచి ఒక బిళ్ల తీసింది. నాణెమంత ఉంది. తుడిస్తే మసి కింద తెల్లటి పింగాణీ.

“ఇదేంటమ్మా?”

“మేం చేసేది ఇదే ఆపా.” గావ్హర్ ఆ బిళ్లను చేతిలోకి తీసుకుంది. “కాల్చి తీసినప్పుడు మామూలు పింగాణీయే. దానికేమీ తెలీదు. వేడి నూనెలో ముంచి పెద్ద కరెంటు కింద పెడతాం. అప్పుడు లోపలి రేణువులన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి. చల్లారాక కూడా అలాగే ఉండిపోతాయి. ఇక అప్పట్నించీ తట్టినా, నొక్కినా, వంచినా కరెంటు పుట్టిస్తుంది. దెబ్బ తగిలితే పలుకుతుందన్నమాట. చదువు చెప్పడం అనేవారు దొమ్లా దాన్ని.”

“మళ్లీ బాగా వేడెక్కితే?”

గావ్హర్ బిళ్లను అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. అబద్ధం చెప్పాలనుకుంటే ఆ క్షణంలో చెప్పి ఉండేది. చెప్పలేదు.

“మరిచిపోతుంది. చదువంతా పోతుంది.”

హుర్షీదా సంచిలోంచి కరెంటు కొలిచే మీటరు తీసి ఆమెకిచ్చింది. “అయితే తట్టి చూపించు. పలికేవి ఇటు, పలకనివి అటు.”

గావ్హర్ నేలమీద కూర్చుంది. ఒక్కో బిళ్లకీ రెండు తీగలు ఆనించి, చిన్న కర్రపుల్లతో తట్టింది. తొట్టి పక్కనున్న పళ్లెంలో మొదటి బిళ్లకే ముల్లు చివాల్న లేచింది. రెండోదానికీ లేచింది. ఆ పళ్లెంలో బిళ్లలన్నీ పలికాయి. మంచం దగ్గరవీ పలికాయి. గది దాటి కొలిమి దగ్గరికొచ్చేసరికి కొన్ని బలహీనంగా పలికాయి, కొన్ని ఊరుకున్నాయి. గుమ్మం పక్క అలమర దగ్గర ఒక్కటీ పలకలేదు.

“చూశారా మేజర్? నూనె తొట్టిలోనే మొదలైతే దాన్ని ఆనుకుని ఉన్నవి ముందు మరిచిపోవాలి. అవి శుభ్రంగా పాఠం అప్పజెబుతున్నాయి. మంట పుట్టింది ఈ అలమర దగ్గర. ఉన్న ఒక్క గుమ్మం పక్కన. లోపల మనిషికి బయటికొచ్చే దారి అప్పుడే మూసుకుపోయింది.”

మేజర్ నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. “పింగాణీ పెంకుల్ని కోర్టుకి సాక్ష్యానికి తీసుకెళ్తారా?”

“మనుషులకంటే నయం. వీటికి పైనుంచి ఫోన్లు రావు.”

అతని మొహం ఎర్రబడింది. “మీకేం, రాసి పడేసి బండెక్కుతారు. రేపు ఈ ఊళ్లో ప్రతివాడూ పక్కవాణ్ణి అనుమానంగా చూస్తాడు. వాళ్ల మధ్య బతకాల్సింది నేను.”

“నిజమే. మరి కిటికీ ఊచల దగ్గరికి ఒకసారి వెళ్లి చూసి రండి. అప్పుడు కూడా కేసు మూసేద్దామంటే మూసేద్దాం.”

అతను లోపలికి వెళ్లాడు. వెనక్కి రావడానికి చాలాసేపు పట్టింది.

ఈలోగా హుర్షీదా అలమర అడుగున వంగి ఒక పొడుగాటి పట్టీ బయటికి లాగింది. జిగురులో పింగాణీ పోగులు పరిచి చేసినది. జిగురు కాలిపోయి పోగులు చీపురు పుల్లల్లా మిగిలాయి.

“ఇది కూడా పలకదు ఆపా. చచ్చిపోయింది,” అంది గావ్హర్.

“దేనికి వాడతారు?”

“తెరెక్లీ జలాశయం కట్టకి. లోపల పాతితే ఎక్కడ పగులు మొదలైనా ముందే చెబుతాయి. పోయిన ఏడాది శీతాకాలంలో అమర్చాం.”

పట్టీ ఒక కొసన మట్టి అంటుకుని ఉంది. మంటకి కాలి కుండపెంకులా ఎర్రగా గట్టిపడింది. ల్యాబ్‌లో కూర్చున్న వస్తువుకి మట్టెందుకు అంటుతుంది? భూమిలోంచి తవ్వి తీస్తేనే అంటుతుంది. హుర్షీదా దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. పట్టీ గురించి అమ్మాయిని ఇంకేమీ అడగలేదు.

“నిన్న మంటలు లేచినప్పుడు ఎక్కడున్నావు?”

“కింద తోటలో. నిన్న శుక్రవారం కదా, అందరం ఆయన జుమా నమాజుకి వెళ్లారనే అనుకున్నాం. ఎప్పుడూ మానరు.” గావ్హర్ పైకి చూడలేదు.

* * *

దొమ్లా ఇంటి ముందు బల్లల మీద మగవాళ్లు నడుముకి గుడ్డ బిగించిన పొడుగాటి చపాన్ కోట్లు వేసుకుని వరసగా కూర్చున్నారు. మేజర్ వాళ్ల మధ్యలోకి వెళ్లి కూర్చున్నాడు. అతనూ ఆయన దగ్గర చదివినవాడే.

లోపల ఆడవాళ్ల గది. దొమ్లా భార్య సలొమత్ సంతాపపు నీలం బట్టల్లో గోడకి చేరగిలబడి ఉంది. హుర్షీదా ఎదురుగా కూర్చుని చేతులు చాచి ప్రార్థన చేసి ముఖం తుడుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి పక్క గదిలోకి వెళ్లారు.

“అడుగు చెల్లీ. అడగడానికే వచ్చావు కదా,” అంది సలొమత్.

“నిన్న దొమ్లా నమాజుకి ఎందుకు వెళ్లలేదు ఆపా?”

“జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. ఇంట్లో పడుకోమన్నాను. ల్యాబ్‌లో చల్లగా ఉంటుంది, మంచం ఉంది, తలుపేసుకుని పడుకుంటాను అన్నారు. తలుపేసుకుని పడుకుంటానన్నారు.”

“జ్వరం ఎప్పట్నించి?”

“గురువారం సాయంత్రం నుంచి. కట్ట దగ్గరికి వెళ్లొచ్చారు. తడిసిపోయి, మోకాళ్లదాకా బురదతో వచ్చారు. చేతిలో ఆ పట్టీ ఒకటి. ఇఫ్తార్‌కి ఖర్జూరం ఒక్కటి నోట్లో వేసుకుని మళ్లీ ఏమీ ముట్టలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని తడుతూ కూర్చున్నారు. నేను, పాడైపోయిందా, మరిచిపోయిందా అని అడిగాను. ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆ మాటలు నాకూ వచ్చు. ‘మరిచిపోలేదు సలొమత్, దీనికి అసలెవరూ నేర్పనే లేదు’ అన్నారు.”

“ఎవరికీ చెప్పలేదా?”

“ఎందుకు చెప్పరు? జలాశయం ఆఫీసుకి నా ముందే ఫోన్ చేశారు. ‘కట్టలో మీ పట్టీలే కదా దొమ్లా ఉన్నది, అంతా బాగుందని అవే అంటున్నాయి’ అని వాళ్లు నవ్వారట. సోమవారం ఆ పట్టీ పట్టుకెళ్లి వాళ్ల బల్లమీద పెట్టి తట్టి చూపిస్తానన్నారు.”

“ఈ పట్టీకి చదువు చెప్పకుండా పంపింది ఎవరో ఆయనకి తెలుసా?”

సలొమత్ కళ్లు తుడుచుకుంది.

“తెలిసే ఉంటుంది. పేరు మాత్రం చెప్పలేదు. ‘పిల్ల భయపడి ఉంటుంది, నేనే నెమ్మదిగా అడుగుతాను. కొత్తవి చేసి ఇద్దరం కలిసి మార్చేస్తాం, గొడవేం ఉండదు’ అన్నారు. మాకు పిల్లల్లేరు చెల్లీ. అక్కడ పనిచేసేవాళ్లందరూ ఆయనకి పిల్లలే. అందులో ఏ పిల్లో నేను అడగలేదు.”

పెరటి వైపు కిటికీ తెరిచే ఉంది. అవతల గిన్నెల చప్పుడు అప్పటిదాకా వినిపిస్తూ ఉన్నది కాస్తా ఆగిపోయింది.

హుర్షీదా లేచి పెరట్లోకి వెళ్లింది. గావ్హర్ కుళాయి దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఆమె ముందు సాయంత్రం వచ్చేవాళ్ల కోసం కడుగుతున్న టీ గిన్నెల గుట్ట. ఒక గిన్నె చేతిలోనే ఉంది, చెయ్యి కదలడం లేదు.

“విన్నావా?”

“విన్నాను.”

“ల్యాబ్‌లో ప్రతి బిళ్లనీ తట్టి చూశావు. నల్లగా మాడిపోయినదాన్ని కూడా వదల్లేదు. ఆ పట్టీ ఒక్కదాన్నే తట్టకుండా చచ్చిపోయిందన్నావు.”

గావ్హర్ తల ఊపింది. దాచుకోవడానికి ఆమెలో ఓపిక లేదు.

“సలొమత్ ఖాలాకి మీరు చెప్పకండి ఆపా. నేనే చెబుతాను. నా నోటితోనే చెప్పాలి.”

“ముందు నాకు చెప్పు.”

“పోయిన ఏడాది శీతాకాలం కరెంటు రోజుకి రెండు మూడు గంటలు కూడా ఉండేది కాదు. ఆఖరి విడత పట్టీలు కాల్చడం అయింది గానీ చదువు చెప్పడానికి కరెంటు లేదు. జలాశయం ఆఫీసు డైరెక్టరు గారు గడువు గడువంటూ నెత్తిన కూర్చున్నారు. దొమ్లా అప్పుడు ఆసుపత్రిలో. బయటికి చూస్తే ఏదీ తేడా తెలీదు కదా. పరీక్షకి మంచి విడతలోవి చూపించాను, మిగతావి అలాగే పంపించాను. ఎండలొచ్చాక మార్చేద్దాం అనుకున్నాను. ఎండలొచ్చాయి, చెప్పడానికి నోరు రాలేదు.”

“శుక్రవారం పొద్దున ఆ పట్టీని అలమరలో చూశావు.”

“మట్టి కొసతో. చూడగానే అర్థమైంది. ఆయన ఇంకా తట్టి చూసి ఉండరనుకున్నాను. కాలిపోతే చాలు అనుకున్నాను. ఒకసారి కాలితే దానికి ముందు చదువు ఉండేదో లేదో ఎవరూ తేల్చలేరు. ఆయనకి నా మీద నమ్మకం పోకుండా ఉంటే చాలు. పాత నూనె గుడ్డలు దాని మీద కప్పి అంటించాను. ఆ ఒక్క అలమరే అనుకున్నాను ఆపా. నమాజుకి వెళ్లారనుకున్నాను. లోపలి గది తలుపు వేసి ఉంది. తట్టలేదు. ఒక్కసారి తట్టి ఉంటే...”

చేతిలో గిన్నెను ఆమె చాలా జాగ్రత్తగా, పగిలిపోతుందేమో అన్నట్టు, నేలమీద పెట్టింది. అప్పుడు ఏడుపు వచ్చింది. శబ్దం లోపలికి వెళ్లకుండా రుమాలు నోట్లో కుక్కుకుంది.

హుర్షీదా ఆమె పక్కన గచ్చు మీద కూర్చుంది. ఇలాంటప్పుడు సంకెళ్లు తీసేవాళ్లుంటారు. ఆమె మాత్రం కుళాయి కట్టేసింది. మంట పెట్టినవాళ్లను ఈ ఉద్యోగంలో చాలామందిని చూసింది. కోపంతో పెట్టినవాళ్లు, బీమా కోసం పెట్టినవాళ్లు. ఒక మనిషి తనను మంచిదనుకోవాలని మంట పెట్టి ఆ మనిషినే కాల్చుకున్నదాన్ని చూడటం ఇదే మొదలు. ఈ అమ్మాయికి ఏ కోర్టు శిక్ష వేసినా, ఇందాక కిటికీలోంచి విన్న మాటలకంటే పెద్దది వేయలేదు.

కానీ ఇంకేదో మిగిలిపోయింది. ఆమె మనసు సలొమత్ మాటల దగ్గరే తచ్చాడుతోంది.

“గావ్హర్, ఏడుపు ఆపి నా మాట విను. ఆ విడత పట్టీలు కట్టలో ఎక్కడున్నాయి?”

“ఎడమ గట్టు. అడుగు భాగమంతా. పాత వాగు దారి మీద.”

“నీళ్ల వైపా, ఇవతల వైపా?”

“ఇవతలే. పొడి వైపు.”

“వానలు పడి ఎన్నాళ్లైంది ఇక్కడ?”

“నౌరోజ్ పండక్కి ముందు పడ్డాయి. మళ్లీ లేవు.”

“మరి పొడి వైపు గట్టులోంచి పట్టీ తవ్వి తీసిన మనిషి మోకాళ్లదాకా బురదలో ఎందుకు దిగబడ్డాడు?”

గావ్హర్ మొహంలో ఉన్న కాస్త రక్తమూ ఇంకిపోయింది. పీట మీంచి లేచింది.

“మంచు కరిగే రోజులివి. జలాశయం నిండుగా ఉంది,” అంది గొణుగుతున్నట్టు. “లోపలినుంచి నీళ్లు తోసుకొస్తున్నాయి ఆపా. ఆయన అది చూసే... ఆఫీసు వాళ్లకి బోర్డు మీద ఏమీ కనబడదు. అక్కడ వినడానికి చెవుల్లేవు. ఆ సంగతి చూపించడానికున్నది ఆ ఒక్క పట్టీయే. దాన్ని నేను కాల్చేశాను.”

హుర్షీదా అప్పటికే వాకిట్లోకి నడుస్తోంది. బల్ల మీద మేజర్ తల ఎత్తాడు.

“కట్ట దగ్గర మీకు తెలిసినవాడెవడైనా ఉన్నాడా? ఆఫీసు కాదు. కాపలావాడు.”

“మళ్లీ ఏం తవ్వారు?”

“తమ్ముడూ, వాదించడానికి రేపు నేనే మీ స్టేషన్‌కి వస్తాను. ఇప్పుడు ఫోన్ చెయ్యండి.”

ఆమె గొంతులో ఏం విన్నాడో, అతను మారు మాట్లాడకుండా ఫోన్ తీశాడు. అవతలివాడి మాట అందరికీ వినిపించేలా పెట్టాడు.

“అంతా ప్రశాంతం ఎల్మురాద్ అకా. బోర్డు మీద అన్నీ పచ్చదీపాలే.”

“దీపాల సంగతి వదిలెయ్‌రా. వెళ్లి కళ్లతో చూడు. ఎడమ గట్టు, ఇవతలి వైపు, అడుగున.”

“ఇప్పుడా? అంత కిందికా?”

“పరిగెత్తు!”

బల్లల మీద మగవాళ్లు మాటలు ఆపేశారు. ఫోన్‌లో అడుగుల చప్పుడు, రాళ్లు జారుతున్న చప్పుడు, ఆయాసం. గావ్హర్ తడిచేతులతో వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె వెనక సలొమత్.

“వస్తున్నాయి అకా,” అంది ఫోన్‌లో గొంతు. “నీళ్లు. నా తొడంత లావు ధార.”

“ఏ రంగు?” గావ్హర్ అరిచింది. “తేటగా ఉన్నాయా? రంగేంటో అడగండి!”

“ఎర్రగా. మట్టి కలిసి ఎర్రగా వస్తున్నాయి.”

గావ్హర్ గుమ్మం వదిలేసింది. “కట్ట లోపల కరిగిపోతోంది. తేటగా వస్తే ఆగేది. ఎర్రగా వస్తే ఆగదు.”

“ఎంతసేపు?” అన్నాడు మేజర్.

“తెలీదు. చెప్పాల్సినవి చెప్పడం లేదుగా.”

హుర్షీదా మగవాళ్ల వైపు తిరిగింది. “కట్ట కింద ఏముంది?”

అందరూ మేజర్‌నే చూస్తున్నారు.

“కింది మహల్లా,” అన్నాడతను. “మా ఇల్లు.”

ఆ తర్వాత బల్లలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. ఒకాయన మసీదు మైకు కోసం పరిగెత్తాడు. కుర్రవాళ్లు కార్ల వైపు ఉరికారు. మేజర్ పరిగెత్తుతూనే ఇంకో నంబరు నొక్కాడు. ఫోన్ అవతల ముసలి గొంతు, పక్కన పిల్లల అల్లరి.

“అమ్మా, పిల్లల్ని తీసుకుని బయటికి రా. ఇప్పుడే. పక్కింటివాళ్లకీ చెప్పు.”

“ఇప్పుడెట్లా వస్తానురా? తందూరులో రొట్టెలు వేశాను. ఇఫ్తార్ వేళవుతోంది.”

“రొట్టెలు వదిలెయ్ అమ్మా. నీ కాళ్లకి దండం. గుట్టెక్కండి.”

“ఏ గుట్ట? సమాధుల గుట్టా? అటు ఆడవాళ్లు వెళ్లకూడదు కదరా.”

కారు తలుపు పట్టుకుని మేజర్ ఆగిపోయాడు. హుర్షీదా, గావ్హర్ వెనక సీట్లో ఎక్కుతున్నారు. ఏ పట్టీలు చెవిటివో చెప్పగలిగింది ఆ అమ్మాయి ఒక్కతే. గుమ్మంలో సలొమత్ శిలలా నిలబడి ఆ అమ్మాయినే చూస్తోంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆమెకు అంతా తెలిసిపోయిందని ఆ చూపులోనే ఉంది.

“ఇవాళ వెళ్లొచ్చు అమ్మా,” అన్నాడు ఎల్మురాద్. “దొమ్లా అక్కడే ఉన్నాడు. అందరూ ఆయన దగ్గరికే వెళ్లండి.”